గుమ్మము ముందరి గని

మన పాఠశాల బాలబాలికలలో పలువురు ఆఫ్రికా పటమున కింబర్లీ వజ్రపు గనిని చూపగలరు. కోలారు బంగారు గనులు 2001వ సంవత్సరమున మూతపడినవని చెప్పువారును ఒకరిద్దరు కలరు. కాని మధ్యాహ్నపు వేళ మన తరగతి గది కిటికీలను అదరించు ఆ మ్రోత ఎట్టిది, దానికి ముందు సైరను కూత ఏల, ఆ పిమ్మట పైకి లేచు దుమ్ము బొగ్గుదా, మన్నుదా అని అడిగినచో సరియైన సమాధానము చెప్పగలవారు మిక్కిలి అరుదు. తండ్రి ఇరువది యేండ్లుగా డంపరు నడుపుచుండును. ఆ డంపరు మోయునది బొగ్గో, మన్నో కుమారుడు ఎరుగడు. అడుగవలెనను తలంపును వానికి కలుగదు.

పాఠ్యపుస్తకములో బొగ్గును గూర్చి ఒకటి రెండు పుటలు ఉండును. బొగ్గు శిలాజ ఇంధనమనియు, అది తరిగిపోవునదనియు, పొదుపుగా వాడుకొనవలసినదనియు అందు చెప్పబడును. అది సత్యమే. కాని ఆ పుటలు పూనాలోని బాలునికిని, ఘుగ్గుస్‌లోని బాలునికిని ఒక్కటే. చూరు క్రింద నిలిచి చూచిన కనబడు మట్టిగుట్టల మాట అందులేదు. ఓపెన్‌కాస్ట్ గని మన పాఠశాలలో ఒక పాఠము కావలెననియు, ఆ పాఠము తెలుగులోనే జరుగవలెననియు నా అభిప్రాయము. ఇది భాషాభిమానముచేత మాత్రము చెప్పు మాట కాదు. మన పిల్లల కూడును, మన వీధుల గాలియు ఇందు ఇమిడియున్నవి.

మనవారు ఈ చంద్రపూర్ ప్రాంతమునకు ఎట్లు వచ్చిరో మొదట తలచుకొందము. వార్ధా లోయలోని బొగ్గు పొరలును, ప్రాణహిత గోదావరి లోయలోని బొగ్గు పొరలును ఒకే కాలమున, ఒకే తీరున ఏర్పడినవి. ఇరువదియైదు ముప్పది కోట్ల సంవత్సరముల నాటి గోండ్వానా శిలలలో ఆ పట్టీ వాయవ్యమునుండి ఆగ్నేయమునకు సాగిపోవుచున్నది. ఇటు వణి, మాజ్రీ, ఘుగ్గుస్, బల్లార్‌పూర్, రాజురా. అటు బెల్లంపల్లి, మందమర్రి, రామగుండము, ఇల్లందు, కొత్తగూడెము. భూగర్భమున ఈ రాష్ట్రమునకు, ఆ రాష్ట్రమునకు నడుమ సరిహద్దు రాయి లేదు. 1871లో విలియం కింగ్ అను భూవిజ్ఞాన శాస్త్రజ్ఞుడు ఇల్లందు దాపున బొగ్గును కనుగొనెను. 1889లో అచ్చట త్రవ్వకము ఆరంభమైనది. మన జిల్లాలోని వరోరాలో అంతకు మునుపే గని నడచినది. పొర వెంబడి గనులు వచ్చినవి, గనుల వెంబడి మనుష్యులు వచ్చిరి. కరీంనగరము, ఆదిలాబాదు పల్లెలనుండి వచ్చిన మన తాతలకు కావలసినవి రెండే. ఒకటి భుజబలము, రెండవది చీకటికి వెరవని గుండె. తట్టయు, చెమ్మస్సు చేతబట్టి గనిలోనికి దిగి, టబ్బులు నింపి, తడిసిన మేనితో పైకి వచ్చెడివారు. ఆ కూలి డబ్బులతోడనే ఇండ్లు కట్టిరి, గుడులు కట్టిరి. మన పాఠశాలల వంటివానికి చందాలిచ్చిరి.

ఒక చిన్న మాట ఇచ్చట చెప్పక మానజాలను. వెనుకటి తెలుగు పుస్తకములలో నేలబొగ్గును రాక్షసిబొగ్గు అనెడివారు. చెట్టును కాల్చి చేసిన బొగ్గునుండి దీనిని వేరుపరచుటకు ఆ పేరు వచ్చినది. అందమైన మాట, వాడుకనుండి జారిపోయినది. నేను పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచుండగా బోధనాభ్యాసమునకై గనుల ఊరి పాఠశాలకు పంపిరి. అచ్చటి పిల్లలు గనిని ‘బాయి’ అనిరి. బావిలోనికి దిగినట్లు దిగెడివారు గనుక అది బాయియే. మనవారు ఇచ్చట హిందీవారితో కలసి ‘ఖదాను’ అందురు, మరాఠీవారు ‘ఖాణ్’ అందురు. సంస్కృతపు ‘ఖని’యే తెలుగున ‘గని’ యైనది, మరాఠీలో ‘ఖాణ్’ అయినది. గోదావరిఖని పేరులో అది చెక్కుచెదరక నిలిచియున్నది. ఒకే మాటను మూడు వాకిళ్ళలో మూడు విధములుగా పలుకుచున్నాము. ఇంతటి సంపద గల పిల్లలకు ఆ గని లోపలి సంగతి చెప్పువారు లేకపోవుట విచారకరము.

ఇప్పుడు గని సంగతికి వత్తము. బాయి పోయినది, ఓపెన్‌కాస్ట్ వచ్చినది. 1973లో బొగ్గు గనులు జాతీయము కాబడిన నాళ్ళలో దేశపు బొగ్గులో సుమారు నాలుగవ వంతు మాత్రమే ఓపెన్‌కాస్ట్ గనులనుండి లభించెడిది. నేడు నూటికి తొంబదికి పైబడి అవ్వానినుండియే వచ్చుచున్నది. భూగర్భ గనిలో పైకప్పు కూలకుండ బొగ్గునే స్తంభములుగా విడిచిపెట్టవలెను. దళసరి పొర ఉన్న తావున ఎంతో బొగ్గు లోపలనే నిలిచిపోవును. మన వార్ధా లోయలో పదిహేను మీటర్ల దళసరి పొరలు కలవు. పైనుండి తెరచి త్రవ్వినచో అందు మిక్కిలి భాగము చేతికి వచ్చును. ఇదియే ఓపెన్‌కాస్టునకు గల ప్రధాన బలము. కొన్ని గనులలో తాతలు విడిచిన ఆ స్తంభములనే మనుమలు యంత్రములతో త్రవ్వుచున్నారు. అట్టి చోట బొగ్గు గోడయందు వరుసగా నల్లని బిలములు కనబడును. అవి వెనుకటివారు తట్టలు మోసికొని నడచిన దారులు.

త్రవ్వకము బొగ్గుతో ఆరంభము కాదు. మొదట చెట్లు తీసివేయుదురు. పిదప పై మన్ను, అనగా రేగడి, అడుగో రెండడుగులో విడిగా తీసి వేరొక తావున పోయవలెను. మొక్కకు ప్రాణమైనది ఆ మన్నే. గని మూసిన నాడు దానినే తిరిగి పైన పరచవలెను. దాని క్రింద గట్టి రాయి ఉండును. ఆ రాతియందు జేనెడు వెడల్పున, పలు మీటర్ల లోతున వరుసలుగా రంధ్రములు చేయుదురు. వానిలో ప్రేలుడు పదార్థము నింపి, పైన మన్నుతో బిగింతురు. అప్పుడు సైరను కూయును. ప్రేలుడు స్థానము చుట్టును 500 మీటర్ల మేర అపాయ మండలము. మనుష్యులను, పశువులను అందుండి తొలగింపవలెను. రంధ్రములన్నియు ఒకే క్షణమున ప్రేలవు. ఒకదాని తరువాత ఒకటి, సెకనులో వేయవ వంతుల లెక్కన ఎడమిచ్చి ప్రేలునట్లు అమర్తురు. అన్నియు ఒక్కసారి ప్రేలినచో నేల అదురు పెరిగి ఇండ్ల గోడలు పగులును. మన కిటికీ అద్దముల సంగతి ఇది. పిల్లలారా, ఆ మ్రోతను ఈసారి శ్రద్ధగా వినుడు. అది ఒక్క దెబ్బగా కాక, గుడగుడమని సాగినట్లు వినబడును.

ప్రేలిన రాతిని షావెలు ఎత్తి డంపరులో పోయును. పెద్ద షావెలు తొట్టిలో ఒక్కసారికి పది ఘనపు మీటర్ల రాయి పట్టును. అది మన తరగతి గదిలో ఏడెనిమిదవ వంతు. డంపర్లు అరువది టన్నులు, నూరు టన్నులు మోయునవి కలవు. నూరు టన్నుల డంపరు చక్రము మనిషి కంటె ఎత్తు. దాని చోదకుడు మేడమీద కూర్చున్నవానివలె ఉండును. ముందు కొన్ని మీటర్ల వరకు, ప్రక్కన అంతకు మించియు అతనికి నేల కనబడదు. అందుచేతనే గనిలో కాలినడకన పోవువారికి వేరు దారి ఉండవలెననియు, చిన్న వాహనములు ఎత్తైన జెండాతోను, దీపముతోను తిరుగవలెననియు నియమములు పెట్టిరి. ఆ నియమమును విసుగుకొనువారు ఒక్కసారి ఆ పీఠమున కూర్చుండి క్రిందికి చూచినచో మరల విసుగుకొనరు.

గని లోపలి ఆకారము మెట్లు మెట్లుగా ఉండును. ప్రతి మెట్టునకును ఇంత ఎత్తు, ఇంత వెడల్పు అని నియమము కలదు. నిలువుగా త్రవ్విన గోడ విరిగి పడును. మెట్లనుండి పైకి డంపర్ల బాట సాగును. ఆ బాట వాలు పదునారింట ఒకటికి మించరాదు. అనగా పదునారు మీటర్లు ముందునకు పోయినచో ఒక మీటరు పైకి లేవవలెను. నూరు మీటర్ల లోతు గల గనినుండి బయటపడుటకు బాట ఎంత పొడవుండవలెను? పదునారు వందల మీటర్లు. నిష్పత్తి, వాలు, త్రికోణమితి అను మాటలకు భయపడు తొమ్మిదవ తరగతి విద్యార్థికి ఇంతకంటె చక్కని లెక్క ఎచ్చట దొరకును? తన తండ్రి దినమునకు పదిసార్లు ఎక్కి దిగు బాట అది. పుస్తకమునందలి నిచ్చెన, గోడ, దీపస్తంభము వానికి దూరమైనవి.

మన్ను తొలగిన పిదప నల్లని పొర బయటపడును. కొన్ని గనులలో బొగ్గును ప్రేల్చక, సర్ఫేస్ మైనర్ అను యంత్రము క్రింది పండ్ల చక్రముతో చెక్కుకొనుచు పోవును. దానిచే అదురు తగ్గును, పెద్ద గడ్డలు ఏర్పడవు. కోసిన బొగ్గు క్రషరునకు పోవును. అచ్చట నలిగి, బెల్టుమీదనో, టిప్పరులోనో సైడింగు చేరును. నిలువయుంచిన బొగ్గు ఊరక ఉండదు. గాలితో కలసి తనంతట తానే వేడెక్కి పొగ చిమ్మును. అందుకే కుప్పలపై నీళ్ళు చల్లుదురు, ముందు వచ్చిన బొగ్గును ముందు పంపివేయుదురు. సైడింగులో గూడ్సు బండి నిలుచును. యాభైకి పైబడిన వ్యాగనులు, మొత్తము మీద నాలుగు వేల టన్నుల బొగ్గు ఒక బండికి పట్టును.

ఆ ఒక్క బండి లెక్కను నల్లబల్లమీద వేసి చూతము. ఒక టన్ను బొగ్గునకు అయిదు ఘనపు మీటర్ల మన్ను తీయవలసిన గని అనుకొందము. నాలుగు వేల టన్నుల బొగ్గునకు ఇరువది వేల ఘనపు మీటర్ల మన్ను. ఘనపు మీటరు రాయి రెండుంబాతిక టన్నులని తీసికొన్నచో నలువదియైదు వేల టన్నులు. నూరు టన్నుల డంపరు నాలుగు వందల ఏబది సార్లు ఎక్కి దిగవలెను. అనగా బొగ్గు గని యని మనము పిలుచునది నిజమునకు మన్ను గని. మోయు బరువులో పదకొండు పాళ్ళు మన్ను, ఒక పాలు బొగ్గు. ఈ సంగతి ఎరిగినవానికి ఊరి చుట్టును గుట్టలు ఏల పెరుగుచున్నవో ఒకరు చెప్పనక్కరలేదు. చంద్రపూర్ విద్యుత్కేంద్రము మొత్తము 2,920 మెగావాట్లది. అందు 500 మెగావాట్ల యూనిట్లు అయిదు. అట్టి యూనిటు ఒక్కటి నిండుగా ఒక దినము నడచుటకు సుమారు రెండు గూడ్సు బండ్ల బొగ్గు కావలెను. మన దేశపు బొగ్గులో నూటికి ముప్పదినుండి నలువది పాళ్ళు బూడిద యగుటచేత బొగ్గు పోయిన చోట బూడిద మిగులును. అది వేరొక వ్యాసమునకు తగిన విషయము.

ఈ మన్నునకు పుస్తకముల భాషలో ‘అధిభారము’ అని పేరు పెట్టిరి. మన డంపరు డ్రైవర్లు ‘ఓబీ’ అందురు. నన్ను అడిగినచో ‘మీది మన్ను’ చాలును. పిల్లవాడు మూడింటిని నేర్వవలెను. మీది మన్నుతో అర్థమగును, ఓబీతో పని దొరకును, అధిభారముతో పరీక్ష గట్టెక్కును.

ఇప్పుడు తల్లిదండ్రులతో ఒక కఠినమైన మాట చెప్పవలసియున్నది. ‘మా నాన్న గనిలో పని చేసెను, నేను చేసితిని, మావాడును చేయును’ అను ధీమా మనలో అనేకులకు ఇంకను కలదు. అంకెలు వేరు విధముగా చెప్పుచున్నవి. కోల్ ఇండియా సంస్థ 1975లో ఏర్పడిన కాలమున ఏటికి ఎనిమిది కోట్ల టన్నులకు లోపు బొగ్గు తీసెడిది. 2024-25లో 78 కోట్ల టన్నులు తీసినది. 1980వ దశకమున ఆ సంస్థ ఉద్యోగులు ఆరు లక్షలకు పైబడియుండిరి. నేడు రెండున్నర లక్షలకు లోపు. సింగరేణిలో 1990వ దశకపు తొలినాళ్ళలో లక్షకు పైబడిన ఉద్యోగులు ఉండిరి; నేడు నలువది వేల ప్రాంతము. బొగ్గు పెరిగినది, మనుష్యులు తగ్గిరి. ఒక షావెలును, నాలుగు డంపర్లును వందల తట్టల పనిని ఒక షిఫ్టులో ముగించును. మిగిలిన పనిలో పెద్ద భాగము కాంట్రాక్టు చేతికి పోయినది. అచ్చటి కూలి వేరు, భద్రత వేరు.

ఇది యంత్రములపై కోపముతో చెప్పునది కాదు. తట్ట మోసిన భుజములపై పడిన కాయలను చూచినవాడెవ్వడును ఆ కాలము తిరిగి రావలెనని కోరడు. 1975 డిసెంబరులో చాస్‌నాలా భూగర్భ గనిలోనికి నీరు ముంచుకొని వచ్చి 375 మంది మరణించిరి. ఓపెన్‌కాస్టులో అట్టి భయము తక్కువ. తక్కువయే గాని లేకపోలేదు. 2016 డిసెంబరులో ఝార్ఖండ్‌లోని రాజ్‌మహల్ ఓపెన్‌కాస్టులో గుట్ట విరిగి 23 మంది మన్ను క్రింద పడి అసువులు బాసిరి. ఆపద రూపము మార్చుకొనినది. దానిని ముందుగా గుర్తుపట్టుటకు కావలసిన తెలివియు రూపము మార్చుకొనినది. భూగర్భమున కఱ్ఱ స్తంభము చేయు చప్పుడు విని తాతలు పరుగెత్తిరి. ఇచ్చట గుట్ట పైభాగమున సన్నని బీటను చూచి, వాన నీరు ఎటు దిగుచున్నదో చూచి, కొలతలు వ్రాసి, పైవారికి చెప్పవలెను. అందుకు అక్షరము కావలెను.

అందుచేత గనిలో నేడు మిగిలిన పని చదువరి పని. మైనింగు సర్దారు ధ్రువపత్రమునకు చదువు కావలెను. ఓవర్‌మన్, సర్వేయరు పనులకును చదువు కావలెను. వాటి పరీక్షలు గనుల భద్రతా డైరెక్టరేటు జరుపును. డంపరు నడుపుటకు భారీ వాహనపు లైసెన్సుతోబాటు యంత్రపు సూచనలను చదివి గ్రహించు శక్తి కావలెను. ఇంజనీరు కాదలచినవారికి నాగపురములోని జాతీయ సాంకేతిక సంస్థ మనకు చేరువలోనే కలదు. ధన్‌బాద్ గనుల విద్యాలయము 1926 నుండి నడచుచున్నది. ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ మాట ప్రత్యేకముగా గమనింప ప్రార్థన. 1952 నాటి గనుల చట్టము స్త్రీలను రాత్రివేళ గని పనికి రానీయలేదు. 2019లో కేంద్ర ప్రభుత్వము ఓపెన్‌కాస్ట్ గనులలో రాత్రివేళ సైతము, వారి సమ్మతిమీద, స్త్రీలు పని చేయుటకు అనుమతి నిచ్చినది. డంపర్లు నడుపు స్త్రీలు మన దేశమున ఇప్పటికే కలరు. పదవ తరగతితో కూతురి చదువు మాన్పించువారు ఈ సంగతిని కొంచెము మనస్సున ఉంచుకొందురుగాక.

‘అయ్యా, ఇదంతయు బాగున్నది, కాని గని పరీక్ష తెలుగులో ఉండదు గదా, తెలుగులో ఈ పాఠమేల?’ అని ఒక పెద్దమనిషి నన్ను అడిగెను. అడుగదగిన ప్రశ్నయే. మన పిల్లలు మరాఠీ నేర్వవలసినదే. ఈ గడ్డ భాష అది, కార్యాలయమున పని జరుగునది దానితోడనే. ఇంగ్లీషును నేర్వవలసినదే. కాని వాలు అనగా ఏమో తెలియనివానికి ‘గ్రేడియెంట్’ అను మాట నేర్పుట, ఇల్లు కట్టకమునుపే గుమ్మమునకు తోరణము కట్టుట వంటిది. భావము తల్లిభాషలో నాటుకొనినచో దానికి రెండవ పేరు, మూడవ పేరు తగిలించుట పెద్ద పని కాదు. మన పిల్లలు ఇంటిలో ఒక భాష, వీధిలో ఒక భాష, గని గేటువద్ద ఒక భాష మాటాడువారు. పేర్లు నేర్చుటలో వారిని మించినవారు లేరు. వారికి లోపించినది పేరు వెనుకనున్న వస్తువు. ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పు వసతి కల్పింపవలెనని రాజ్యాంగమున 350-ఏ అధికరణము 1956లో చేర్చబడినది. ఆ వసతిని కాపాడుకొనుటకు సభలు పెట్టుకొందుము, తీర్మానములు చేయుదుము. తెలుగు తరగతిలో కూర్చున్న పిల్లవానికి తన ఊరి గనిని అర్థము చేయించినచో, ఆ తీర్మానములకు వేయి సంతకముల బలము చేకూరును. తెలుగు మాధ్యమమున చదివిన పిల్లడు ఎందుకును పనికిరాడను నిందకు అదియే జవాబు.

ఉద్యోగమొక్కటే కాదు. గని ప్రక్కన నివసించువాడు గనిని ప్రశ్నింపగలవాడు కావలెను. తెలియనివాడు చేయగలిగినవి రెండే: ఊరకుండుట, లేదా ఊరక కేకలు వేయుట. తెలిసినవాడు అడుగును. విడిగా తీసిన రేగడి మన్ను ఎచ్చట పోసిరి? దానిపై పచ్చిక మొలచినదా, లేక రాళ్ళ గుట్టలో కలసిపోయినదా? ఒక అంగుళపు రేగడి ఏర్పడుటకు వందల యేండ్లు పట్టును. కలిపివేయుటకు ఒక డంపరు, ఒక మధ్యాహ్నము చాలును. గుట్టను మెట్లుగా పేర్చిరా? వానకు జారు మన్నును ఆపుటకు పాదమున గోడ, కాలువ కట్టిరా? ఏటి ఒడ్డునుండి ఎంత దూరమున గుట్ట ఉన్నది? బాటపై రోజునకు ఎన్నిసార్లు నీళ్ళు చల్లుచున్నారు? టిప్పరులపై పట్టాలు కప్పుచున్నారా?

గని మూసిన పిదప ఏమగునో గని తెరచినప్పుడే వ్రాసియుంచవలెను. బొగ్గు మంత్రిత్వశాఖ 2009లో గని మూసివేత ప్రణాళికకు మార్గదర్శకములు వెలువరించినది. ఓపెన్‌కాస్టునకు హెక్టారుకు ఆరు లక్షల రూపాయల చొప్పున ఆనాటి ధరల లెక్కన వేరొక ఖాతాలో కూడబెట్టవలెనని అందు నిర్ణయించిరి. తరువాత ఆ నియమములను సవరించిరి గాని మూలసూత్రము నిలిచియున్నది. మన ఊరి గనికి అట్టి ప్రణాళిక ఉండును. చివరకు మిగులు గొయ్యి చెరువగునా, అందు దిగు మెట్లు ఉండునా, గుట్టలపై ఏ చెట్లు నాటుదురు, ఇవన్నియు అందు వ్రాయబడియుండును. మన గ్రామసభలో దానిని చదివినవారు ఎందరు? అది ఇంగ్లీషులో ఉండునని కొందరు నాతో అనిరి. దానిని తెలుగున, మరాఠీన చెప్పగల పదవ తరగతి పిల్లలను తయారుచేయుట మన పాఠశాలకు శక్తికి మించిన పని కాదని నా నమ్మకము.

డబ్బు సంగతి మరియొకటి కలదు. 2015లో గనుల చట్టమును సవరించి జిల్లా ఖనిజ ప్రతిష్ఠానములను నెలకొల్పిరి. బొగ్గు మీద ప్రభుత్వమునకు చెల్లు రాయల్టీ విలువలో నూటికి పదునాలుగు పాళ్ళు. 2015 జనవరి 12కు పూర్వము ఇచ్చిన గనులైనచో ఆ రాయల్టీకి అదనముగా దానిలో నూటికి ముప్పది వంతులు, తరువాత వేలమున ఇచ్చినవైనచో పది వంతులు ఈ ప్రతిష్ఠానమునకు చెందవలెను. గనులచే బాధింపబడిన ప్రాంతముల క్షేమమునకై ఆ నిధి ఏర్పడినది. త్రాగునీరు, వైద్యము, విద్య అందు అగ్రస్థానము గల పద్దులు. మన చంద్రపూర్ జిల్లా బొగ్గు జిల్లా. నిధి చిన్నది కాదు. మన ప్రయోగశాలలో పగిలిన గాజు గొట్టముల స్థానమున క్రొత్తవి కొనుటకు మనము ఇంటింట తిరిగి చందా వసూలు చేయుదుము. ఆ నిధిని అడుగుటకు ఒక దరఖాస్తు వ్రాయుటకు మాత్రము జంకుదుము. దరఖాస్తు వ్రాయుటకు గ్రామము ఎంత దుమ్ము పీల్చుచున్నదో, గని హద్దు పాఠశాలకు ఎన్ని మీటర్లో తెలియవలెను. మరల అదే మాట, తెలియవలెను.

నా కోరిక పెద్దది కాదు. ఎనిమిది, తొమ్మిది తరగతులకు వారమునకు ఒక గంట, రెండు నెలలు. పటము గీయుట భూగోళమున, బాట వాలు గణితమున, తనంతట తాను వేడెక్కు బొగ్గు రసాయనమున, మాటల పట్టిక తెలుగున. ఆ మాటల పట్టికలో మూడు వరుసలు. తెలుగు, మరాఠీ, ఇంగ్లీషు. తండ్రులు నాలుగవ వరుస చేర్పవచ్చును: గనిలో నిజముగా పలుకు మాట. పదవీ విరమణ చేసిన కోల్ ఫిల్లరు ఒకరు, నేడు పనిలోనున్న షావెలు ఆపరేటరు ఒకరు వచ్చి చెరియొక గంట మాటాడవలెను. వారికి ఉపన్యాసము తెలియకున్నను చింతలేదు, పిల్లలు ప్రశ్నలు వేయుదురు. గని అధికారుల అనుమతితో ఒకనాడు చూచుటకు నిర్దేశించిన ఎత్తు స్థలమునుండి గనిని చూపవలెను. అపాయ మండలమునకు దూరముగా, ఉపాధ్యాయుల వెంట మాత్రమే. గోడ దూకి లోనికి పోయి బొగ్గు ఏరు చిన్నవారికి ఈ మాట గట్టిగా చెప్పుచున్నాను. డంపరు చోదకునికి మీరు కనబడరు. పొగ వచ్చు కుప్ప క్రింద నిప్పు ఉండును, పైన బూడిద రంగు మాత్రమే కనబడును.

తల్లిదండ్రులు రాబోవు పాఠశాల సమావేశమున రెండు పనులకు తోడ్పడ ప్రార్థన. ఈ పాఠమునకు సమ్మతి తెలుపుట ఒకటి. జిల్లా ఖనిజ ప్రతిష్ఠానమునకు మన పాఠశాల తరఫున పంపు విజ్ఞప్తిపై సంతకములు చేయుట రెండవది. విజ్ఞప్తి మరాఠీలో ఉండును. దాని తెలుగు ప్రతిని తొమ్మిదవ తరగతి విద్యార్థులు తమ చేతివ్రాతతో వ్రాసి సమావేశపు గది గోడకు అంటింతురు. సంతకము చేయుటకు ముందు దానిని చదువుడు, లెక్కలో తప్పున్నచో వారిని అక్కడికక్కడే అడుగుడు.